తమ్ముడి అప్పీలు కోసం నాన్న పొలం అమ్మాలా?

న్యూజెర్సీ నుంచి ఒక అక్క రాసిన ఉత్తరం ఇది. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా చెబుతాను.

ఆమె తమ్ముడికి 38 ఏళ్ళు. ఫార్మసీ చదువుకుని అమెరికా వెళ్ళాడు. గ్రీన్ కార్డు ఉంది. భార్య, ఇద్దరు పిల్లలు. మిషిగన్‌లో ఒక చిన్న మందుల షాపులో నాలుగేళ్ళు ఫార్మసిస్టుగా చేశాడు. దగ్గర్లోని ఒక క్లినిక్ నుంచి ఆక్సికోడోన్ లాంటి నొప్పి మాత్రల చీటీలు విపరీతంగా వచ్చేవి. మరోపక్క షాపు యజమాని ఎవరికీ ఇవ్వని మందులకు మెడికేర్‌కు (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమాకు) బిల్లులు పెట్టాడు. యజమాని, క్లినిక్ మేనేజరు నేరం ఒప్పుకుని ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పారు. తమ్ముడు ఒప్పుకోకుండా విచారణకు వెళ్ళాడు. మత్తుమందులు పంచే కుట్రలో, ఆరోగ్య బీమా మోసపు కుట్రలో దోషి అని జ్యూరీ తేల్చింది. ఒక్కోదానికి ఏడేళ్ళు, రెండూ ఏకకాలంలో. పైగా 14 లక్షల డాలర్లు తిరిగి కట్టాలి.

“అప్పీలుకు వేరేగా 75,000 డాలర్లు అవుతుందని లాయరు అన్నారు. నాన్న గుంటూరు జిల్లాలో ఉన్న రెండెకరాలు బేరం పెట్టారు. అప్పీలు వేస్తే జడ్జికి కోపం వచ్చి శిక్ష పెంచుతారేమోనని మా మరదలి భయం. ఇక్కడ ఒక పెద్దమనిషి 30,000 ఇస్తే పైకోర్టులో మాట్లాడి పెడతానంటున్నారు. తమ్ముడి పాత ఫోన్లో యజమాని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దొరికాయి. అవి చూపిస్తే వాడి తప్పేమీ లేదని తేలిపోతుంది కదా? అమ్మకు ఇంకా చెప్పలేదు. ఏదో ట్రైనింగ్‌లో ఉన్నాడని అబద్ధం ఆడుతున్నాం.” ఉత్తరం చివర, తేదీ పక్కన, చిన్నగా ఇంకో మాట ఉంది: “తీర్పు వచ్చి ఐదు రోజులైంది.”

అమ్మా,

మీ ఉత్తరంలో నన్ను ముందుగా కంగారు పెట్టింది ఆ చివరి మాటే. అమెరికా ఫెడరల్ కోర్టులో శిక్ష తీర్పు రికార్డుకెక్కిన రోజు నుంచి 14 రోజుల్లో నోటీస్ ఆఫ్ అపీల్ వేయాలి. అందుకే ఈ పెద్ద జవాబు కోసం ఆగకుండా ఆ రాత్రే మీకు రెండు లైన్లు రాశాను. తొమ్మిదో రోజున దాఖలైందని మీరు తిరిగి రాశాక నాకూ ఊపిరాడింది.

ఈ ఉత్తరం చదివే మరో ఇంట్లో ఇదే అవసరం ఉండొచ్చు, అందుకని చెబుతున్నాను. ఆ నోటీసు ఒక్క పేజీ కాగితం. అందులో వాదనలేవీ ఉండవు. ఎవరు, ఏ తీర్పు మీద, ఏ కోర్టుకు వెళుతున్నారు, అంతే. ఫీజు 605 డాలర్లు. కట్టలేనివాళ్ళు మినహాయింపు అడగొచ్చు. ముద్దాయి వేయమంటే లాయరు వేసి తీరాలి. “ముందు నా ఫీజు సంగతి తేల్చండి” అనడానికి అది సమయం కాదు. గడువు దాటితే, సరైన కారణం చూపినప్పుడు కింది కోర్టు మరో 30 రోజుల వరకు పొడిగించగలదు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. అప్పీళ్ళ ఆఫీసులో పనిచేసే రోజుల్లో ఒక కుటుంబాన్ని చూశాను. ఆ 14 రోజులూ డబ్బు కోసం బంధువులకు ఫోన్లు చేస్తూనే గడిపారు. డబ్బు సమకూరింది, గడువు పోయింది. అప్పటినుంచి ఇలాంటి ఉత్తరంలో నేను మొదట వెతికేది తేదీనే.

ఇక నోటీసు వేశారు కాబట్టి, మిగతావి స్థిమితంగా ఆలోచించుకోవచ్చు.

ఉత్తరం పొడవునా మీరు “వాడు తప్పు చేయలేదు” అని రాశారు. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ పైకోర్టు అడిగే ప్రశ్న అది కాదు. మిషిగన్ కేసులు ఒహాయోలోని సిన్సినాటిలో ఉన్న ఆరో సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళతాయి. అక్కడ ముగ్గురు జడ్జిలు కూర్చుంటారు. జ్యూరీ ఉండదు, సాక్షులు రారు. కింది కోర్టులో జరిగినదంతా అక్షరం పొల్లుపోకుండా టైపు చేసిన ట్రాన్స్‌క్రిప్ట్, అక్కడ దాఖలైన కాగితాలు, ఇవే వాళ్ళ ముందు ఉంటాయి. వాటిలో చట్టపరమైన పొరపాటు ఉందా, ఉంటే అది ఫలితాన్ని మార్చేంతటిదా అని చూస్తారు. సాక్ష్యం సరిపోలేదని వాదిస్తే, ఆ సాక్ష్యాన్ని ప్రభుత్వానికి అనుకూలంగా చదివి, సహేతుకంగా ఆలోచించే ఏ జ్యూరీ అయినా ఇలా తేల్చగలదా అని మాత్రమే అడుగుతారు. అప్రూవర్లుగా మారిన ఆ ఇద్దరూ అబద్ధమాడారని మీకు ఎంత తెలిసినా, వాళ్ళను నమ్మాలా వద్దా అన్నది జ్యూరీ పని అని వదిలేస్తారు. క్రిమినల్ అప్పీళ్ళలో చాలా కొద్ది తీర్పులే తిరగబడతాయి. పొలం మీద చేయి వేసే ముందు నాన్నగారికి ఈ మాట తెలియాలి.

వాట్సాప్ మెసేజ్‌ల సంగతీ ఇందాకటి మాటతోనే ముడిపడి ఉంది. విచారణలో చూపించనివి అప్పీల్లో చూపించలేరు. కొత్త సాక్ష్యం దొరికిందంటూ, జ్యూరీ దోషి అని తేల్చిన మూడేళ్ళ లోపు మళ్ళీ విచారణ అడిగే దారి ఒకటుంది, అది కింది కోర్టులోనే. కానీ ఆ ఫోన్ మీ తమ్ముడిదే కదా. తన ఫోన్లో మొదటినుంచీ ఉన్నదాన్ని కొత్త సాక్ష్యం అని జడ్జి ఒప్పుకోవడం కష్టం. అప్పుడు ప్రశ్న మారుతుంది: ఆ మెసేజ్‌ల గురించి ట్రయల్ లాయరుకు చెప్పారా? చెప్పినా ఆయన పట్టించుకోలేదా? పట్టించుకోకపోతే అది లాయరు సరిగా వాదించలేదన్న ఫిర్యాదు అవుతుంది. దాన్ని మామూలుగా అప్పీల్లో కాక, తర్వాత సెక్షన్ 2255 కింద, శిక్ష వేసిన కోర్టులోనే ఆ శిక్షను సవాలు చేస్తూ వేసే పిటిషన్లో చెప్పుకోవాలి. అలా చెప్పుకోవచ్చని 2003లో మస్సారో కేసులో అమెరికా సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తీర్పు అంతిమమైన నాటి నుంచి దానికి మామూలుగా ఒక ఏడాది గడువు. ఈలోగా ఆ ఫోన్‌ను ఎవరూ రీసెట్ చేయకండి. మెసేజ్‌లు ఫార్వర్డ్ చేయకండి. ఫోన్ ఉన్నది ఉన్నట్టుగా కొత్త లాయరు చేతికి చేరాలి.

మీ తమ్ముడి కేసులో అసలు బరువు ఉన్నది “కుట్ర” అన్న మాటలో. మనం కుట్ర అంటే నలుగురు గది తలుపులు వేసుకుని కూడబలుక్కోవడం అనుకుంటాం. అమెరికా చట్టానికి అంత అక్కర్లేదు. మాటల్లో అనుకోకపోయినా, ప్రవర్తనను బట్టి ఒప్పందం ఉందని జ్యూరీ అనుకోవచ్చు. మత్తుమందుల కుట్రకైతే ఒప్పందం తప్ప ఇంకో పని జరిగిందని కూడా రుజువు చేయక్కర్లేదని 1994లో సుప్రీంకోర్టు షబానీ కేసులో అంది. ఇంకా వెనక్కి వెళితే, 1943లో ఒక డాక్టరుకు లెక్కకు మించి మార్ఫిన్ అమ్ముతూపోయిన కంపెనీ, ఆ సరుకు ఎక్కడికి పోతోందో తెలిసే అమ్మింది కాబట్టి కుట్రలో భాగమేనని అదే కోర్టు తేల్చింది. “చీటీ మీద డాక్టరు సంతకం ఉంది, నేను మందు ఇచ్చాను” అన్న మీ తమ్ముడి మాట ఒక్కటే నిలబడకపోవడానికి కారణం ఇదే. చూసీ చూడనట్టు ఉన్నా లాభం లేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిన తీరు అంటారు చూడండి, దాన్ని కోర్టులు తెలిసి చేసినదానితో సమానంగానే లెక్కిస్తాయి.

అయితే అతనికి పనికొచ్చే పెద్ద తీర్పు కూడా ఒకటి ఉంది. 2022 జూన్‌లో వచ్చిన రువాన్ కేసు. అలబామాలో రువాన్, వయోమింగ్ కోర్టులో శిక్షపడిన ఖాన్, ఇద్దరూ డాక్టర్లు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళకు పైనే శిక్షలు పడ్డాయి. వైద్య ప్రమాణాలకు విరుద్ధంగా చీటీలు రాశారని రుజువైతే చాలదు, అలా రాసే అధికారం తనకు లేదని తెలిసే రాశాడని ప్రభుత్వం నిరూపించాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత జరిగింది మీరు జాగ్రత్తగా చదవండి. కేసులు రెండూ వెనక్కి వెళ్ళాయి. ఖాన్ కేసులో పదో సర్క్యూట్ అన్ని నేరాలూ కొట్టేసి మళ్ళీ విచారణ జరపమంది. రువాన్ కేసులో పదకొండో సర్క్యూట్ మందులు రాసిన నేరాలను కొట్టేసింది, మందుల కుట్ర నేరాన్ని మాత్రం ఉంచేసింది. ఎందుకంటే కుట్ర గురించి జ్యూరీకి చదివి వినిపించిన సూచనల్లో “తెలిసి, ఉద్దేశపూర్వకంగా” అన్న అర్థం అప్పటికే ఉందని ఆ కోర్టు భావించింది.

అదే సుప్రీంకోర్టు తీర్పు, ఫలితాలు రెండు. తేడా అంతా జడ్జి జ్యూరీకి చదివిన కొన్ని వాక్యాల్లో ఉంది. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్ చేతికొచ్చాక ముందుగా విప్పాల్సింది జ్యూరీ సూచనలున్న పేజీలు. ఫార్మసిస్టుకు తెలిసి ఉండాలి అన్న మాట అక్కడ స్పష్టంగా ఉందా? కళ్ళు మూసుకోవడం గురించి ఏమని చదివారు? మీ లాయరు ఆ రోజు లేచి అభ్యంతరం చెప్పారా? చెప్పి ఉంటే పైకోర్టు దాన్ని పూర్తిగా పరిశీలిస్తుంది. చెప్పకపోతే, కొట్టొచ్చినట్టు కనిపించే పొరపాటైతేనే ముట్టుకుంటుంది. ఈ ఒక్క తేడాతో గెలిచే కేసులు ఓడిపోవడం నేను చూశాను.

మీ తమ్ముడు ప్రతి చీటీకీ మిషిగన్ రాష్ట్రపు మందుల రికార్డు వ్యవస్థ మ్యాప్స్‌లో చూసుకునేవాడని, కొన్ని చీటీలు వెనక్కి పంపేవాడని మీరు రాశారు. అది జ్యూరీ ముందుకు వచ్చిందా? లాయరు పెట్టబోతే జడ్జి అడ్డుకున్నారా? అడ్డుకుని ఉంటే అది మంచి అప్పీలు అంశం. అసలు పెట్టనే లేదంటే, మళ్ళీ 2255 సంగతే.

ఇంకొకటి. యజమాని చేసిన బిల్లుల మోసం, క్లినిక్ మాత్రల వ్యాపారం, ఈ రెండూ కలిపి ఒకే కథగా జ్యూరీకి చెప్పారని మీ ఉత్తరాన్ని బట్టి అనిపిస్తోంది. 1946 నాటి కొట్టియాకోస్ కేసు ఇలాంటిదే. ఒక దళారి చాలామందికి దొంగ అప్పులు ఇప్పించాడు. ఆ అప్పుదారులకు ఒకరితో ఒకరికి సంబంధం లేదు. అందరినీ ఒకే కుట్రలో కట్టేయడం తప్పని సుప్రీంకోర్టు శిక్షలు కొట్టేసింది. బండి చక్రానికి ఆకులుంటే సరిపోదు, చుట్టూ వాటిని కలిపే పట్టా కావాలి. మీ తమ్ముడి కేసులో అభియోగాలు రెండు వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఈ వాదన అచ్చంగా అతకకపోవచ్చు. కానీ ఒక నేరపు సాక్ష్యం రెండోదాని మీద పులిమారా అన్నది అడగదగిన ప్రశ్న.

బీమా మోసం విషయంలో అతని పాత్ర చిన్నదంటున్నారు. అతను బిల్లులు పెట్టలేదు, జీతం తప్ప వాటా లేదు. అతనికి తెలుసని చెప్పింది యజమాని ఒక్కడే. ఒక్క సాక్షి మాట మీద కూడా శిక్ష నిలుస్తుంది, కాబట్టి నేరం కొట్టేయించడం కంటే ఆ 14 లక్షల లెక్క మీద పోరాడటం మేలు కావచ్చు. శిక్షా మార్గదర్శకాల ప్రకారం, అతను చేరకముందు ఇతరులు చేసిన దాన్ని అతని ఖాతాలో వేయకూడదు. షాపులో చేరిన తేదీకీ బిల్లులు మొదలైన తేదీకీ మధ్య ఎంత సొమ్ము ఉందో లెక్క తీయించండి. కట్టాల్సిన మొత్తం తగ్గితే శిక్ష కూడా తగ్గే దారి తెరుచుకోవచ్చు.

రెండు నేరాలనూ విడివిడిగా తూచమని నేను అనడానికి ఇంకో కారణం ఉంది. శిక్షలు ఏకకాలంలో నడుస్తున్నాయి. మందుల నేరం పోయి మోసం నేరం ఉండిపోతే ఏడేళ్ళు వాటంతటవే పోవు. మళ్ళీ శిక్ష విచారణ జరిగితే తగ్గవచ్చు, అంతే. గ్రీన్ కార్డు సంగతి ఇంకా కఠినం. మందుల కుట్ర దేశం నుంచి పంపేసే నేరం. మోసం కూడా, నష్టం 10,000 డాలర్లు దాటితే, అలాంటిదే. 2009లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన నిఝావన్ అనే ఆయన మన దేశం నుంచి వలస వెళ్ళినవాడే. ఆయన కేసులో ఆ 10,000 లెక్క తేల్చడానికి శిక్షనాటి కాగితాలను చూడొచ్చని కోర్టు అంది. కాబట్టి ఒక్క నేరం మిగిలినా ఇమిగ్రేషన్ కేసు వెంటాడుతుంది. అప్పీలు లాయరుతో పాటు ఒక ఇమిగ్రేషన్ లాయరుతోనూ ఒక గంట మాట్లాడండి, శిక్ష అయ్యేదాకా ఆగకండి.

మీ మరదలి భయానికి జవాబు సూటిగా చెప్పగలను. ప్రభుత్వం తన వైపు నుంచి అప్పీలు చేయకుండా, మీ తమ్ముడి అప్పీలు మీదే పైకోర్టు శిక్ష పెంచకూడదని 2008లో గ్రీన్‌లా కేసులో తేలిపోయింది. కేసు గెలిచి కింది కోర్టుకు తిరిగి వెళ్ళినప్పుడు మాత్రం అంతా మళ్ళీ తెరుచుకుంటుంది. అక్కడా అప్పీలు చేశాడన్న కక్షతో పెంచడానికి వీల్లేదు, కానీ ఇంకో విచారణ, ఇంకో ఏడాది టెన్షన్, ఇంకో ఖర్చు ఉంటాయి. ఆమెకు ఈ రెండు సంగతులూ కలిపే చెప్పండి.

అప్పీలు నడుస్తుండగా ఇంటికి వస్తాడన్న ఆశ పెట్టుకోవద్దు. ఈ రకం మందుల నేరానికి గరిష్ఠ శిక్ష 20 ఏళ్ళు. అలాంటి వాటిలో అప్పీలు తేలేదాకా లోపలే ఉంచాలన్నది చట్టం. అసాధారణ కారణాలకు చిన్న సందు ఉంది, దొరకడం అరుదు. అప్పీలు తేలడానికి ఏడాది దాటడం మామూలే.

ఇక డబ్బు. మీ ముందు నాలుగు దారులున్నాయి. 75,000 ఇచ్చి అదే లాయరుతో సాగడం ఒకటి. కేసు ఆయనకు తెలుసు, సమయం కలిసొస్తుంది. కానీ ఆయన చేసిన పొరపాట్లను ఆయనే ఎత్తి చూపించుకోరు. మీ తమ్ముడి కేసులో సగం ప్రశ్నలు ఆయన అభ్యంతరం చెప్పారా లేదా అన్న దాని మీదే ఉన్నాయి. అప్పీళ్ళే వృత్తిగా ఉన్న వేరే లాయరును పెట్టుకోవడం రెండోది. ఖరీదు ఉంటుంది, కొత్తకళ్ళు ఉంటాయి. మూడోది మన కుటుంబాలు నామోషీగా అనుకునేది: కోర్టు నియమించే లాయరు. మీ తమ్ముడి చేతిలో డబ్బు లేదని చూపించగలిగితే అప్పీలుకు ఉచితంగా లాయరు వస్తారు. ట్రాన్స్‌క్రిప్ట్ ఖర్చు కూడా కోర్టే భరిస్తుంది. అక్కడ చూసేది అతని స్థోమత, గుంటూరులో నాన్నగారి పొలం కాదు. కోర్టు అలా నియమించే లాయర్ల జాబితాల్లో రోజూ అప్పీళ్ళు రాసే మంచివాళ్ళు ఉంటారు, నేను వాళ్ళ పని దగ్గరగా చూశాను. ఇబ్బంది ఏమిటంటే ఎవరొస్తారో మీ చేతిలో ఉండదు, మీ ఫోన్లకు వెంటనే పలకకపోవచ్చు. నాలుగోది, అప్పీలు వెనక్కి తీసుకుని తర్వాత 2255 ఒక్కటే వేయడం. ఇందులో ఒక ఉచ్చు ఉంది. అప్పీల్లో చెప్పగలిగి చెప్పని అంశాలను తర్వాత ఎత్తడం చాలా కష్టం. జ్యూరీ సూచనల మీద వాదన ఉంటే దాన్ని అప్పీల్లోనే చెప్పుకోవాలి.

పొలం అమ్మాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి అని నాకనిపిస్తుంది. నోటీసు వేసిన 14 రోజుల్లోగా ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ చేయాలి, ఆ తేదీ మాత్రం కనిపెట్టుకుని ఉండండి. అది వచ్చాక ఒక అప్పీలు లాయరుకు పరిమిత ఫీజు ఇచ్చి, చదివి ఏ అంశాలు నిలుస్తాయో కాగితం మీద రాసివ్వమనండి. ఆ కాగితం చూశాక నాన్నగారు బేరం ఉంచుకోవచ్చు, వదులుకోవచ్చు. గెలుపు గ్యారంటీ అన్న లాయరుకు మాత్రం ఆ కాగితం పని ఇవ్వకండి.

30,000 అడిగిన పెద్దమనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ముగ్గురు జడ్జిలతో ఎవరూ బయట మాట్లాడలేరు. నిజంగా ఎవరైనా ప్రయత్నిస్తే అది ఇంకో ఫెడరల్ నేరం, అందులో డబ్బిచ్చిన మీ పేరు ఉంటుంది. మర్యాదగా వద్దనండి, ఇచ్చిపుచ్చుకున్న మెసేజ్‌లేమైనా ఉంటే లాయరుకు చూపించండి.

జైలు నుంచి వచ్చే ఫోన్ల గురించి కూడా ఒక మాట. “తెలుగులోనే కదా మాట్లాడుకుంటాం” అని మీరు రాశారు. ఆ కాల్స్ రికార్డవుతాయి. తెలుగు తర్జుమా చేసేవాళ్ళు ప్రభుత్వానికి దొరుకుతారు. యజమాని పేరు, ఫోన్లోని మెసేజ్‌లు, ఎవరు ఏం అన్నారు, ఇవేవీ ఆ కాల్స్‌లో వద్దు. పిల్లల చదువులు మాట్లాడండి. కేసు సంగతులు లాయరు దగ్గరే. ఇంకా, ఏ దారి ఎంచుకోవాలన్నా సంతకం మీ తమ్ముడిదే. మీరంతా కలిసి నిర్ణయించి అతనికి చెప్పడం కాకుండా, ఈ నాలుగు దారులూ లాయరు ద్వారా అతని ముందు పెట్టించండి. ఏడేళ్ళు గడపాల్సింది అతను.

చివరిగా మీ అమ్మగారు. ట్రైనింగ్ అన్న మాట ఇంకో పండగ దాకా నిలుస్తుందేమో, పొలం బేరానికి ఊళ్ళో మనుషులు వచ్చిపోతుంటే ఆ ఇంట్లో అది ఆగదు. ఆమె పొరుగువాళ్ళ నోట వినకముందే మీరు వీడియో కాల్‌లో కాకుండా, వీలైతే వెళ్ళి, పక్కన కూర్చుని చెప్పండి. ఎన్నేళ్ళు, ఎక్కడ ఉన్నాడు, ఆరోగ్యం ఎలా ఉంది, ఎప్పుడు మాట్లాడొచ్చు, ఆమె అడిగేవి ఇవే. వెళ్ళలేకపోతే ముందు మీ నాన్నగారికి చెప్పి, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ చేయండి. తర్వాత ఆమెతో తమ్ముడికి తెలుగులో ఒక ఉత్తరం రాయించండి. కేసు మాట లేకుండా, ఇంటి సంగతులతో.